ఆఖరి ఊచ దిగాక

చీకుల బండివాడి పనితనం తెలియాలంటే రాత్రి బేరం ముగిసి బండి కట్టేసే వేళ చూడాలి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారిలో చీకటి పడగానే ఊరి కూడలిలో ఎక్కడో ఒకచోట నిప్పులు వెలుగుతాయి. కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని ఊచకు గుచ్చి నిప్పుల మీద తిప్పడం అందరూ చూసేదే. ఆఖరి ఊచ దిగాక జరిగే పనిని మాత్రం ఎవరూ నిలబడి చూడరు. ఏది గీకి పారేయాలి, ఏది వదిలేయాలి, దేనికి తడి తగలొచ్చు, దేనికి తగలకూడదు అన్నది తెలిసిన చేతులు ఆ కాసేపట్లో బయటపడతాయి. అది అర్థం కావాలంటే ముందు బండి మీద నిప్పులుండే ఇనుప తొట్టి నిర్మాణం తెలియాలి.

దాన్ని సిగిడి అంటారు. రెండు మూరల పొడవు, జానెడు వెడల్పు, అంతే లోతు. ఆ వెడల్పు ఊచను బట్టి వచ్చింది. ఊచ నడుమ ముక్కలు ఉండాలి, రెండు కొసలూ అంచుల మీద ఆనాలి, పిడి వేడికి దూరంగా బయటికి రావాలి. అందుకే తెలిసినవాడు వెల్డింగు అంగడికి పోయేటప్పుడు టేపు బదులు ఊచనే చేత పట్టుకుని పోతాడు. రేకు 3 మిల్లీమీటర్ల మందం ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పాత డబ్బాలు కోసి చేసిన పల్చటి రేకు కొద్ది నెలలకే వేడికి మెలి తిరుగుతుంది, అంచు వంకర పోతుంది, ఊచ ఒక పక్క నిప్పుకు దగ్గరగా, ఇంకో పక్క దూరంగా పడుతుంది.

అంచు మీద సమానమైన ఎడంతో చిన్న గాట్లు ఉంటాయి. గాటు, ఊచ కలిసి చేసే పని ముచ్చటైనది. ఊచ పలకల కమ్మీ అయితే గాటులో ఏ పక్కకు తిప్పి పెడితే ఆ పక్కకే నిలుస్తుంది. గుండ్రటి ఊచ అలా నిలవదు, ముక్కల బరువు ఎటుంటే అటు తనంతట తానే తిరిగిపోతుంది. ఎంత తిప్పినా బరువైన పక్కే కిందికి దిగి మాడుతుంది, పైపక్క పచ్చిగా మిగులుతుంది. పైగా గుండ్రటి కమ్మీ మీద ముక్క వదులై, కమ్మీ తిరిగినా తాను తిరగదు. పలకల ఊచకున్న నాలుగు అంచులు ముక్కను లోపలి నుంచి పట్టి ఉంచుతాయి. గాట్లలో కొవ్వు, మసి పేరుకుని గట్టిపడితే ఈ ఏర్పాటంతా పాడవుతుంది కాబట్టి శుభ్రం చేసే పనిలో గాట్లకు వేరే వంతు ఉంటుంది.

తొట్టి అడుగుకు కాస్త పైన కమ్మీల జల్లెడ. బొగ్గులు దాని మీద ఉంటాయి, బూడిద సందుల్లోంచి కింది అరలోకి రాలుతుంది, గాలి కిందినుంచి పైకి వస్తుంది. మంచి పనివాడు ఈ కమ్మీలను రెండు కొసలా వెల్డింగు చేయడు. తొట్టి గోడలకు బెజ్జాలు వేసి, వాటిలో కమ్మీల కొసలు ఊరికే దూర్చి వదిలేస్తాడు. చూడ్డానికి పని సగంలో ఆపేసినట్టు ఉంటుంది. కానీ ఇనుము వేడికి సాగుతుంది. అడుగున్నర పొడవున్న కమ్మీ 600 డిగ్రీల వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలూ బిగిస్తే ఆ పెరిగిన పొడవుకు పోయే చోటు లేక కమ్మీ విల్లులా వంగుతుంది, లేదా వెల్డింగు పగులుతుంది. వదులుగా ఉంటే బెజ్జంలోంచి బయటికి జరుగుతుంది, చల్లారాక వెనక్కి వస్తుంది. ఇంకో లాభం, కాలి సన్నబడిన కమ్మీని ఒక్కదాన్నే లాగేసి కొత్తది దూర్చవచ్చు. తొట్టి మొత్తం మార్చే పని లేదు.

లోపలి గోడలకు మట్టి పూత. చెరువు మట్టిలో ఊక, కొంచెం జల్లించిన బూడిద కలిపి, వేలు మందాన మెత్తి, నీడలో నిదానంగా ఆరనిస్తారు. రేకుకు నిప్పు నేరుగా తగలకుండా ఈ పూత అడ్డుకుంటుంది, తాను వేడిని పట్టి ఉంచి గాలి జోరులో కూడా మంటను ఒకేలా నిలుపుతుంది. ఊక ఎందుకంటే, అది కాలిపోయి పూతలో సన్నటి ఖాళీలు మిగులుస్తుంది. ఆ ఖాళీల వల్ల వేడి బయటికి త్వరగా పోదు, మట్టి ఒక్కసారిగా పగలదు. సన్నటి పగుళ్లు ఎలాగూ వస్తాయి. అదే మట్టిని జారుగా కలిపి వారానికోసారి పగుళ్లలోకి రుద్దుతారు. రుద్దిన వెంటనే నిప్పు వేయకూడదు. లోపలి తడి ఆవిరై పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది.

ఇక గాలి. విసనకర్ర ఉండనే ఉంది గాని, జోరు బేరం ఉన్న బండికి చేతితో తిప్పే బ్లోయర్ ఉంటుంది. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా దానికి పట్టీతో కలిపిన చిన్న చక్రం ఎన్నో చుట్లు తిరుగుతుంది, దాని ఇరుసుకున్న రెక్కలు గాలిని గొట్టంలోకి తోస్తాయి. దీనికి ఒక బలహీనత ఉంది. తిప్పడం ఆపిన క్షణం గొట్టం తెరిచిన దారే. సన్నటి బూడిద అందులోంచి వెనక్కి వచ్చి రెక్కల మీద, ఇరుసు నూనెలో పడుతుంది. నూనె, బూడిద కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది, ఇరుసును రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. అందుకే బేరం అయిపోగానే గొట్టం మూతికి గుడ్డ కుక్కుతారు. ఇరుసును తుడిచాకే నూనె చుక్క వేస్తారు గాని తుడవకుండా వేయరు.

బొగ్గు గురించి ఒక మాట చెప్పి అసలు పనికి వస్తాను. సీమలో దొరికే బొగ్గులో చాలా భాగం సర్కారు తుమ్మది. ఈ ముళ్లకంప మన నేలది కాదు. మద్రాసు ప్రభుత్వపు అటవీ అధికారులు 1870ల చివర్లో విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. వానలేని నేలకు వంటచెరకు కావాలన్నది వాళ్ల ఆలోచన. కంప అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చింది, పొలాలూ చెరువులూ ఆక్రమించింది. రైతులు దాన్ని తిట్టని రోజు లేదు గాని బొగ్గు విషయంలో మాత్రం వంక పెట్టలేం. గట్టిగా, బరువుగా ఉంటుంది, చాలాసేపు నిలిచి కాలుతుంది. సరిగ్గా కాలని బొగ్గు అయితే పొగ, జిగట మసి వస్తాయి. అది ఊచకు, అంచుకు అంటి రాత్రి పనిని రెట్టింపు చేస్తుంది. శుభ్రం చేయడం బొగ్గు ఏరుకోవడంతోనే మొదలవుతుందని బండివాళ్లకు తెలుసు. రెండు ముక్కలు ఒకదానికొకటి తాటించి చూస్తారు. గణగణమంటే బాగా కాలిన బొగ్గు, చప్పగా మోగితే లోపల కట్టె మిగిలిందని అర్థం.

ఆఖరి ఊచ దిగింది. బేరం అయిపోయిందని నిప్పులు వెంటనే తీసేయరు. ఖాళీ ఊచల్ని, చేపల జాలీ ఉంటే దాన్నీ నిప్పుల మీద పరిచి బ్లోయర్‌ను జోరుగా తిప్పుతారు. జిడ్డుగా, మెత్తగా అంటుకున్న కొవ్వు, మసాలా ఆ వేడికి నీరంతా పోయి, పొగ వదిలి, చివరికి పెళుసైన నల్లటి పొట్టుగా మిగులుతాయి. పొగ ఆగిపోవడమే గుర్తు. పచ్చి జిడ్డును గీకితే అటూ ఇటూ పులుముకుంటుంది. పెళుసైన పొట్టు ఒక్క గీతకు రాలుతుంది. ఇంత తేడా తెచ్చిన ఆ నిప్పు ఎలాగూ ఆర్పేయబోతున్నదే, దానికి వేరే ఖర్చు లేదు.

రాల్చడానికి ఏం వాడాలి? నగరాల్లో ఇనుప తీగల బ్రష్షు అమ్ముతారు. దాన్ని నేను మెచ్చను. తీగ ఒకటి ఊడి జాలీకి అతుక్కుని, మరుసటి రోజు ముక్కతోపాటు గొంతులోకి పోవచ్చు. అమెరికాలో 2002 నుంచి 2014 వరకు ఇలాంటి గాయాలతో అత్యవసర చికిత్సకు వచ్చినవాళ్లు 1,600కు పైగా ఉంటారని మిస్సోరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా వేశారు. మన బండి మీద ఉండేది సగానికి కోసిన ఎర్రగడ్డ. గడ్డను ఫోర్కుకో పాత ఊచకో గుచ్చి, కోసిన ముఖంతో వేడి ఇనుము మీద రుద్దుతారు. దాని రసం వేడికి తగిలీ తగలగానే ఆవిరై, పొట్టు కిందికి దూరి లేపుతుంది. పొరలు పొరలుగా ఉన్న గడ్డ ముఖం ఆ పొట్టును పట్టుకుని తుడిచేస్తుంది. ముఖం నల్లబడితే పల్చటి చక్కు కోసి పారేస్తే కొత్త ముఖం వస్తుంది. ఎర్రగడ్డలు లారీలకొద్దీ దిగే కర్నూలు మార్కెట్టు ఉన్న జిల్లాలో ఇంతకంటే చవకైన పనిముట్టు ఏముంటుంది?

గాట్లకు మాత్రం పాత ఊచ కొసే కావాలి. ఒక్కో గాటులో కొసను పెట్టి ఒక్క తోపు. అదే కొసతో జల్లెడ సందుల్లో ఇరుక్కున్న బొగ్గు రవ్వల్నీ పొడుస్తారు. సందులు మూసుకుంటే మరుసటి రోజు గాలి తెరిచి ఉన్న చోటే దూరి, తొట్టిలో ఒక మూల కొలిమిలా, ఒక మూల బూడిదలా ఉంటుంది. అప్పుడు నేరం బొగ్గు మీద వేస్తారు.

ఇప్పుడు అసలైన విషయం. ఇంత గీకినా ఊచ తళతళలాడదు, నల్లగానే ఉంటుంది. కొత్తగా పనికి కుదిరిన కుర్రాడు ఇసుక తెచ్చి దాన్ని తెల్లగా తోమబోతే యజమాని చెయ్యి పట్టుకుంటాడు. "రేయ్ అబ్బీ, ఆ నలుపు గీకాకు. రేపు ముక్క అతుక్కుంటాది." ఆయన చెప్పింది నిజం. వేలికి గరగర తగిలే నలుపు వేరు, నున్నగా అంటి ఉన్న నలుపు వేరు. మొదటిది మాడిన తిండి, పోవలసిందే. రెండోది నూనె. పల్చటి నూనె పొర ఇనుము మీద బాగా వేడెక్కినప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పూతగా మారతాయి. దానికిక జిడ్డు ఉండదు, నీటికి కరగదు, ఇనుముకు గాలీ తడీ తగలనీయదు. దోసె పెనం నలుపులోని రహస్యమూ ఇదే. పచ్చి ఇనుము మీద మాంసం పెడితే అందులోని మాంసకృత్తులు నేరుగా లోహాన్ని పట్టుకుంటాయి. ఈ పూత మీద పట్టు దొరకదు. అందుకే గీకడం అయ్యాక, ఊచ ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడే బుడ్డల నూనెలో తడిపి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడుస్తారు. పిండిన గుడ్డ అన్నది ముఖ్యం. నూనె ఎక్కువైతే పూత కట్టదు, బంకలా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది.

జాలీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. తోట కంచెలకు వాడే తెల్లటి జాలీ చవక, నీటుగా కనిపిస్తుంది. దాని మీదిది జింకు పూత. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఎర్రటి నిప్పు వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆ వేడికి లేచే జింకు పొగ పీలిస్తే చలిజ్వరంలా వస్తుంది. తిండికి పూత లేని ఇనుమో స్టెయిన్‌లెస్ స్టీలో వాడాలి.

ఇంక మిగిలింది బూడిద. తొట్టి ఆయుష్షు తేలేది ఇక్కడే. బొగ్గు బూడిదలో పొటాషియం, కాల్షియం లవణాలు ఉంటాయి. పైనుంచి కారిన మాంసం రసంలోని ఉప్పు దానికి తోడవుతుంది. పొడిగా ఉన్నంతసేపు ఏ హానీ లేదు. కానీ ఉప్పు గాల్లోని తడిని లాగుతుంది. రాత్రంతా తొట్టిలో వదిలేసిన బూడిద తెల్లారేసరికి మంచుకు చెమ్మగిల్లుతుంది, ఆ ఉప్పుతడి రేకు అడుగును పట్టుకుంటుంది. పాత సిగిడి ఏదైనా తిరగేసి చూడండి. నిప్పు మండే పైభాగం బాగానే ఉంటుంది, చల్లగా ఉండే బూడిద అర అడుగే తుప్పు తిని జల్లెడైపోయి ఉంటుంది. నిప్పు కంటే బూడిదే ఇనుమును ఎక్కువగా తింటుందని అది చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. కాబట్టి అర లాగి, బూడిదను పొడిగానే ఎత్తి, మూలల్ని చీపురు పుల్లతో తోడి, ఇనుప బొక్కెనలో పోసి మూత పెడతారు. ప్లాస్టిక్ బొక్కెన కూడదు, బూడిదలో దాగిన నిప్పు కణిక తెల్లారేదాకా బతికే ఉంటుంది.

ఇంత చేటు చేసే బూడిదే చేతిలో ఉంటే సబ్బు. చేపల జాలీ తీగల ముడుల దగ్గర ఊచంత తేలిగ్గా శుభ్రం కాదు. చారెడు జల్లించిన బూడిదను కొబ్బరి పీచుకు అద్ది, నీళ్లు చిలకరించి రుద్దితే, బూడిదలోని క్షారం కొవ్వుతో కలిసి అక్కడికక్కడే సబ్బు అవుతుంది, నురగ కడుతుంది. నిమ్మచెక్క కూడా కలిపితే ఇంకా బాగుంటుందని కొందరి అపోహ. పులుపు క్షారాన్ని చంపేస్తుంది, రెండూ వృథా. రుద్దాక నీళ్లు పోసి కడిగి, మిగిలిన నిప్పుల మీద ఆరబెట్టి, నూనె గుడ్డ తాటిస్తారు. రాత్రంతా వదిలేస్తే తొట్టిని తినే పదార్థం కాసేపు వాడి కడిగేస్తే జాలీని కాపాడుతుంది. కాలాన్ని ఎక్కడ తెంచాలో తెలియడమే ఇక్కడ పనితనం.

బండి కింద నేల గురించి కూడా ఒక మాట. కడప, కర్నూలు ఇళ్ల ముంగిట పరిచేది నాపరాయి, బయటి ఊళ్లవాళ్లు కడప బండ అనేది. కూర్పులోనే అది పొరలు పొరలు. వేడి తొట్టిని నేరుగా దాని మీద పెడితే పొరల మధ్య చెమ్మ ఆవిరై పెట్లినట్టు పెచ్చులు ఎగురుతాయి. నాలుగు ఇటుకలు అడ్డం పెడితే చాలు.

ఘాటు ఎక్కి శ్రీశైలం చేరితే పొయ్యి మారుతుంది. క్షేత్రంలో మాంసం, మద్యం నిషేధం. కింద ఆనకట్ట దగ్గర లింగాలగట్టు వైపు చేపలు దొరుకుతాయి గాని అవి పెనం మీద, నూనెలో వేగేవే ఎక్కువ. నిప్పుల మీద కాలేది మొక్కజొన్న కంకి. జలాశయం 885 అడుగుల నిండు మట్టానికి చేరువై గేట్లు ఎత్తిన రోజుల్లో జనం తిరనాళ్లలా వస్తారు, దారి పొడవునా కంకుల పొయ్యిలు వెలుస్తాయి. ఇవి చీకుల సిగిడికి చుట్టాలే, కానీ వీటి మురికి వేరు. కంకిలో కారే కొవ్వు లేదు. ఉన్నది చక్కెర, పీచు, పేలి రాలిన గింజలు. పీచు తేలిగ్గా కాలి గాలిలో కలుస్తుంది. గింజలు మాత్రం జల్లెడ సందుల్లో సరిగ్గా ఇరుక్కుని బొగ్గవుతాయి. కొవ్వు లేదంటే నల్లటి రక్షణ పూతా కట్టదు. పైగా ఉప్పు, కారం అద్దిన నిమ్మచెక్కతో కంకిని నిప్పు పక్కనే రుద్దితే, ఉప్పునీరు అంచు మీదే కారుతుంది. దానికి వాన, ఆనకట్ట తుంపర తోడు. బేరం బాగున్న రోజులే తుప్పు రోజులు కావడం ఇక్కడి ఇనుము కర్మ. అందుకే కంకుల పొయ్యికి రోజూ రాత్రి నూనె గుడ్డ తప్పనిసరి, చీకుల సిగిడికి దాని పనే సగం నూనె పెడుతుంది. మురికిని బట్టి మందు. ఒకే పద్ధతి రెండింటికీ చెప్పేవాడిని నమ్మకండి.

నల్లమల చెంచులకు ఈ బాధలేవీ లేవు. దుంపల్ని నిప్పుల్లోనే కాల్చుకుంటారు, మాంసాన్ని పచ్చి పుల్లకు గుచ్చుతారు. పుల్లలోని తడి ముక్క కాలేదాకా దాన్ని మండనివ్వదు, పని అయ్యాక పుల్లా నిప్పులోకే పోతుంది. పొత్తపినాటి బోయ తిన్నడు శివుడికి నైవేద్యం పెట్టిన మాంసం కూడా నిప్పుల మీద కాలిందే. తర్వాత తోమవలసింది ఏదీ మిగలని వంట అది. ఊచ ఇనుముది అయ్యాకే తోమడం వచ్చింది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో శనివారం కోడి కాల్చే మనవాళ్ల దగ్గర ఉండేది మూత ఉన్న గుండ్రటి గ్రిల్. 1952లో షికాగోలో లోహపు పని చేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లలో తేలే బోయా గుల్లను రెండుగా కోసి దాన్ని తయారు చేశాడు. మూత వేసి గాలి బెజ్జాలు మూస్తే బొగ్గు ఊపిరాడక ఆరుతుంది, మర్నాటికి మిగులుతుంది. కొన్నాళ్లకు ఆ మూత లోపల నల్లటి పెచ్చులు వేలాడతాయి. పెయింటు ఊడిపోతోందని కంగారుపడి కంపెనీకి ఫోన్లు చేసేవాళ్లు ఉన్నారు. అది పెయింటు కాదు, గడ్డకట్టిన పొగ, కొవ్వు. నలిపిన కాగితపు ఉండతో తుడిస్తే రాలుతుంది. మన సిగిడికి మూత లేదు కాబట్టి మిగిలిన నిప్పుల్ని పట్టకారుతో ఏరి, మట్టి కుండలో వేసి మూతపెట్టి అంచుకు తడి మట్టి మెత్తుతారు. జరిగేది అదే. అలా ఆరిన బొగ్గు కొత్త బొగ్గు కంటే త్వరగా అంటుకుంటుంది, కాబట్టి మరుసటి సాయంత్రం అడుగున వేసేది అదే.

కారులో చిన్న గ్రిల్ వేసుకుని ఘాట్లో ఎక్కడైనా ఆగి కాల్చుకుందామనుకునేవాళ్లకు మాత్రం ఒకటే మాట, ఆ పని చేయకండి. దోర్నాల దాటితే పులుల అభయారణ్యం, అక్కడ నిప్పు రాజేయడం నేరం. వేసవిలో రాలిన టేకాకు, ఎండిన వెదురు ఒక్క రవ్వకు అంటుకుంటాయి. అడవి బయట, అనుమతి ఉన్న చోట కాల్చుకున్నా నిప్పుల్ని ఊరికే వదిలి రావద్దు. నీళ్లు పోయాలి, కట్టెతో కలియబెట్టాలి, మళ్లీ పోయాలి, అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి తగలడం లేదని చూసుకోవాలి. ఆ తడి బూడిద తిరిగి తొట్టిలోకి పోకూడదు. గుంత తీసి పూడ్చి, తొట్టిని పొడిగుడ్డతో తుడిచి కారెక్కించుకోవాలి.